మూత తీసే ముందు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మేము మాట్లాడే విషయం మీథేన్ వాయువు అని ఆహ్వాన పత్రికలో అచ్చయిన దగ్గర్నుంచీ చాలామంది దారిలో ఆపి అడిగారు. "విద్యార్థి వేతనాల గురించో, షాదీఖానా గురించో చెప్పక ఈ గ్యాసు గొడవ మనకెందుకండీ?" అని. మేము చెప్పబోయేది షాదీఖానా గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే షాదీఖానా వెనుక దొడ్లో, వంటపాక పక్కన ఉన్న సెప్టిక్ ట్యాంకు గురించి.

ఏడేళ్ళ క్రితం ఒక పెళ్ళికి ముందురోజు ఆ ట్యాంకు పొంగింది. పెళ్ళివారు గగ్గోలు పెట్టారు. కార్యవర్గంలో ఉన్న మేము నలుగురం పరుగులు పెట్టి ఇద్దరు మనుషుల్ని తెచ్చాం. ఒకాయన పెద్దవాడు, రెండోవాడు పాతికేళ్ళ కుర్రవాడు. శ్లాబు రాయి జరిపాక పెద్దాయన కుర్రవాడి నడుముకి కొబ్బరితాడు కట్టాడు. మేము నవ్వాం. ఏడడుగుల గొయ్యికి తాడెందుకయ్యా అన్నాం. మాలో ఒకరు ఆ మూత పక్కనే నిలబడి బీడీ కూడా ముట్టించారు. కుర్రవాడు దిగి రెండు బకెట్లు అందించాడు. మూడో బకెట్టు రాలేదు. పిలిస్తే పలకలేదు. మాలో ఒకరు లుంగీ ఎగ్గట్టి దిగబోతే పెద్దాయన రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసి, "దిగకండి బాబూ, ఇద్దరూ పోతారు" అని అరిచాడు. నలుగురం తాడు పట్టి లాగాం. వేపచెట్టు కింద పడుకోబెట్టాక ఎంతసేపటికో కళ్ళు తెరిచాడు. ఆస్పత్రికి తీసుకుపోయాం, ఒప్పుకున్న కూలికి మరో ఐదువందలు కలిపి ఇచ్చాం, మర్నాడు పెళ్ళి జరిగిపోయింది.

ఆ నెల లెక్కల పుస్తకంలో "సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించిన ఖర్చు" అని ఒక్క వరుస ఉంది. అది వ్రాసింది మేమే. జరిగింది మాత్రం ఏ సమావేశంలోనూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాం.

ఆ రోజు ఆ గొయ్యిలో ఏముందో మాకప్పుడు తెలియదు. తరువాత తెలిసినవాళ్ళ దగ్గర కూర్చుని, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీ ముందు పెడతాం.

గాలి ఆడని చోట తడిసిన పదార్థం ఏది కుళ్ళినా మీథేన్ పుడుతుంది. పేడ కావచ్చు, మలం కావచ్చు, చెరువు అడుగు బురద కావచ్చు, మన చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లుల్లో కర్ర పెండలం కడిగిన నీళ్ళు నిలవపెట్టే గుంటలు కావచ్చు. మన వరిచేలల్లో నిలిచిన నీటి అడుగునా పుడుతుంది. ఎండాకాలంలో చెరువులో కర్ర దించి కెలికితే బుడగలు లేస్తాయి చూడండి, వాటిలో ఉండేది ముఖ్యంగా ఇదే. మన ముసలివాళ్ళు చిత్తడి నేలల్లో రాత్రిళ్ళు కొరివి దెయ్యాలు తిరుగుతాయని చెప్పేవారు. ఆ వెలుగు చిత్తడిలో పుట్టే వాయువులదేనని చాలామంది శాస్త్రజ్ఞులు అంటారు గానీ, అది ఎలా అంటుకుంటుందన్న దాని మీద వారిలో వారికే ఇంకా ఏకాభిప్రాయం లేదు. 1776లో ఓల్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఒక సరస్సు బురదను కెలికి, లేచిన బుడగల్ని సీసాలో పట్టి, వెలిగించి చూశాడు. విద్యుత్తుకు మనం వోల్టులని కొలత చెబుతామే, ఆ పేరు ఆయనదే.

దీనికి రంగు లేదు, వాసన లేదు. మొత్తం చిక్కంతా ఇక్కడే ఉంది. గాలి కంటే బరువు తక్కువ, సుమారు సగం. గాలితో కలిసినప్పుడు నూటికి 5 పాళ్ళ నుంచి 15 పాళ్ళ వరకు ఉంటే నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. 5కి తక్కువైతే అంటుకోదు. 15 దాటితే గాలి చాలక అంటుకోదు. 15 దాటితే భయం లేదన్నమాట అనుకోకండి. మూసి ఉన్న ట్యాంకులో ఎక్కువగా చేరిన వాయువు, మూత జరిపి గాలి తగిలేసరికి ఆ మధ్య పాళ్ళలోకే దిగి వస్తుంది. అంటే మూత తీసే ఆ నాలుగు నిమిషాలే అసలు గండం. మావాడు బీడీ ముట్టించింది సరిగ్గా అప్పుడే. బొగ్గు గనుల నిబంధనల్లో గాలిలో ఈ వాయువు 1.25 పాళ్ళు దాటితేనే కరెంటు ఆపెయ్యాలని ఉంది. 5 దాకా ఎందుకు ఆగరంటే, ఒక మూల 1 ఉన్నచోట ఇంకో మూల 5 ఉండవచ్చు గనుక. ఆ జాగ్రత్త గనుల వాళ్ళు ఎందరి ప్రాణాలో పోయిన మీదట నేర్చుకున్నది.

మన జిల్లాల వారికి ఈ వాయువు కొత్తది కాదు. 1970ల చివర నరసాపురం దగ్గర చమురు, సహజవాయువు కోసం బావులు తవ్వటం మొదలైన దగ్గర్నుంచి మన డెల్టా కింద ఉన్నది ఏమిటో అందరికీ తెలిసింది. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేనే. 1995 జనవరి 8న అమలాపురం ప్రాంతంలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. ఆ మంట వెలుగు, హోరు గుర్తున్నవాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. దాన్ని ఆర్పటానికి విదేశాల నుంచి నిపుణులు రావలసి వచ్చింది.

నగరం సంగతి వేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలింది. గ్యాసు ఇళ్ళ మధ్య, కొబ్బరితోటల మధ్య పరుచుకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించేసరికి అంటుకుందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవం కలిసిన తడి గ్యాసు పంపటం వల్ల లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఆ ఊరివారు చేసిన తప్పు ఏముంది చెప్పండి? తెల్లవారితే టీ కాచుకోవటం తప్పా? తప్పు గొట్టం వేసి దాన్ని చూసుకోని వారిది. అయినా మన వంతుగా తెలుసుకోవలసింది ఒకటుంది. మన వంటింటి సిలిండర్ గ్యాసుకి కారిపోతే తెలియటానికని మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఊళ్ళ మీదుగా పోయే పెద్ద గొట్టాల్లోని గ్యాసుకి సాధారణంగా అది కలపరు. కనుక పొలంలో గొట్టం గుర్తు స్తంభాలున్న చోట బుస్సుమనే చప్పుడు వినబడినా, నీళ్ళలో ఊరికే బుడగలు వస్తున్నా, ఒక్కచోట గడ్డి కారణం లేకుండా ఎండిపోయినా, వాసన లేదు కదా అని ఊరుకోకూడదు. ఆ స్తంభం మీదే ఫోను నంబరు వ్రాసి ఉంటుంది. దూరంగా పోయి ఆ నంబరుకి చెయ్యాలి.

ఇక్కడ వంటింటి సంగతి కూడా చెప్పాలి, ఆడవాళ్ళు అడగమన్నారు కాబట్టి. సిలిండర్‌లో ఉండేది మీథేన్ కాదు. అది ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల కలయిక, గాలి కంటే బరువు. కారితే నేల మీద నీళ్ళలాగా పాకి, మంచం కిందికీ, గుమ్మం దగ్గరికీ చేరుతుంది. ఇప్పుడు కాకినాడ, రాజమండ్రి వైపు ఇళ్ళకు గొట్టంలో వస్తున్నది మీథేన్. అది పైకి లేచి కప్పు కింద చేరుతుంది. అందుకని సిలిండర్ ఉన్న గదిలో కింద గాలి పోయే దారి, గొట్టం గ్యాసున్న గదిలో పైన గాలి పోయే దారి ఉండాలి. గ్యాసును పసిగట్టే పెట్టెలు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అవి బిగించేటప్పుడు కూడా ఇదే లెక్క. సిలిండరింట్లో నేలకు జానెడెత్తున, గొట్టం గ్యాసింట్లో కప్పుకు జానెడు కిందన. షాపువాడు తలుపు పక్కన అందంగా కనబడే చోట బిగించి పోతే డబ్బు దండగ.

రంజాన్ నెలలో సహర్ వంటకి తెల్లవారుజామున మూడున్నరకి లేస్తాం. రాత్రంతా తలుపులు, కిటికీలు మూసే ఉంటాయి. నిద్రకళ్ళతో వంటింట్లోకి అడుగుపెట్టగానే చెయ్యి పోయేది లైటు స్విచ్చి మీదికే. ఆ స్విచ్చిలో పుట్టే చిన్న రవ్వ చాలు. కనుక ముందు ముక్కు, తరువాత చెయ్యి. వాసన తగిలిందా, స్విచ్చి వెయ్యవద్దు. వేసి ఉన్నది ఆర్పవద్దు కూడా, ఆర్పేటప్పుడూ రవ్వ పుడుతుంది. చీకట్లోనే తలుపులు, కిటికీలు తీసి, చెయ్యి అందితే రెగ్యులేటర్ మూసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసి, బయటి నుంచి 1906కి ఫోను చెయ్యండి. ఆ నంబరు గ్యాసు లీకుల కోసమే పెట్టారు. మంట ఉంటే 101. మామూలు రోజుల్లో అనుమానం వస్తే రెగ్యులేటర్ దగ్గర, గొట్టం అతుకు దగ్గర సబ్బునురుగు రాసి చూడండి. బుడగ లేస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి పరీక్షించే ఘనులు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. వారికి వేరే చెప్పేదేమీ లేదు. నారింజరంగు సురక్షా గొట్టానికి వయసు ఐదేళ్ళు, దాని మీదే తేదీ ఉంటుంది. ఇంటికి పోయాక చూసుకోండి.

సరే, మళ్ళీ మన గొయ్యి దగ్గరికి వద్దాం.

సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఒక్కటే ఉండదు. దానితోబాటు బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడతాయి. మీథేన్ తేలిక కనుక మూత కింద చేరుతుంది. మిగతా రెండూ గాలి కంటే బరువు కనుక అడుగున ఉండిపోతాయి. అంటే పైన నిప్పు గండం, కింద ఊపిరి గండం. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుంది. కొద్దిగా ఉంటే ముక్కు పట్టేస్తుంది. ఎక్కువైతే ముక్కే పనిచెయ్యటం మానేస్తుంది. పది లక్షల పాళ్ళ గాలిలో నూరు పాళ్ళు దాటిన కొద్దిసేపటికే వాసన తెలియదు. ఏడువందలు, వెయ్యి అయితే ఒకటి రెండు ఊపిర్లలో మనిషి కూలిపోతాడు. "ఇప్పుడు వాసన తగ్గింది, దిగొచ్చు" అనే మాట ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇక మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సుమారు 21 పాళ్ళు. 19.5 కంటే తగ్గితేనే లోపలికి పోకూడదంటారు. 10 కంటే తగ్గితే స్పృహ తప్పుతుంది. ఆయాసం వచ్చి అరిచే వ్యవధి కూడా ఉండదు. మా కుర్రవాడు అరవలేదు.

ఇది మన పొలిమేరలోనే ఒకసారి ఘోరంగా జరిగింది. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక వంటనూనె ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చెయ్యటానికి దిగిన ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. ఐదుగురు పాడేరు ప్రాంతం నుంచి పనికోసం వచ్చినవారు, ఇద్దరు మన పులిమేరు వారు. అది నూనె ట్యాంకు. మరుగు గొయ్యి కాదు, చమురు బావి కాదు. మూసిన తొట్టి, లోపల గాలి లేకపోవటం, అంతే. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఆక్వా ఫ్యాక్టరీ ట్యాంకులో ఐదుగురు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరంలో కోళ్ళ పరిశ్రమ మురుగు ట్యాంకులో ఏడుగురు. ఒకరు పడితే తీయబోయి ఇంకొకరు, వారి కోసం మరొకరు.

అమెరికాలో పనివారి భద్రత చూసే సంస్థ ఒకటి 1986లో లెక్కతీసి, ఇలాంటి మూసిన చోట్ల చనిపోయేవారిలో నూటికి 60 మందికి పైగా రక్షించటానికి దిగినవారేనని చెప్పింది. ఈ లెక్క చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు పెద్దాయన తొయ్యకపోతే మా మిత్రుడు దిగి ఉండేవాడు. తరువాత మేమూ దిగి ఉండేవాళ్ళం. చేతులు కట్టుకుని నిలబడటం మన స్వభావం కాదు కదా. మంచి మనసున్న వాడే ఇక్కడ ముందు పోతాడు. పడినవాడికి మనం చెయ్యగల సహాయం పైనుంచే ఉండాలి. అదైనా ముందే నడుముకి తాడు కట్టి ఉంటేనే. ఏడడుగుల గొయ్యికి కూడా.

పాతకాలపు పద్ధతి ఒకటుంది. మన బావులు పూడిక తీసేవాళ్ళు ముందుగా వెలిగించిన దీపాన్ని తాడుతో దించి చూస్తారు. దీపం ఆరితే లోపల గాలి లేదని లెక్క. అప్పుడు వేపకొమ్మలు కట్టి దించి పైకీ కిందికీ ఆడిస్తారు, నీళ్ళు చల్లుతారు. బావిలో చేరేది బొగ్గుపులుసు వాయువు అయితే ఇది తెలివైన పరీక్షే. మా తాతల్ని మేము తక్కువ చెయ్యటం లేదు. కానీ అదే దీపాన్ని సెప్టిక్ ట్యాంకులోకో, గోబర్ గ్యాసు తొట్టిలోకో దించారంటే, అది పరీక్ష కాదు, నిప్పు పెట్టటమే. విషవాయువు సంగతి ఆ దీపం చెప్పనే చెప్పదు. 1815లో డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గనుల కోసం దీపం చుట్టూ సన్నని తీగజాలీ పెట్టి, మంట బయటికి అంటకుండా చేశాడు. ఆ దీపం మంట పొడుగై, చుట్టూ నీలిరంగు కనిపిస్తే వాయువు ఉన్నట్టు తెలిసేది. ఇప్పుడు అరచేతిలో పట్టే యంత్రాలున్నాయి. మీథేన్, ప్రాణవాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, నాలుగూ ఒకేసారి చెబుతాయి. మనిషి దిగకుండా, గొట్టం దించి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి.

ఇంకో మాట. లోపల గాలి లేదు కదా అని వెల్డింగు షాపు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి గొయ్యిలోకి వదిలేవాళ్ళున్నారు. అది మహా పొరపాటు. ఆక్సిజన్ ఎక్కువైతే చిన్న రవ్వకే బట్టలు కూడా భగ్గుమంటాయి. మామూలు గాలినే బ్లోయరుతో, మోటారు గొయ్యికి దూరంగా పెట్టి పంపాలి. మన వాళ్ళలో వెల్డింగు, మెకానిక్ పనులు చేసేవారు ఎందరో ఉన్నారు గనుక చెబుతున్నాం. ఏ ట్యాంకరైనా, డ్రమ్మైనా అతుకు వెయ్యటానికి వస్తే లోపల ఇంతకుముందు ఏముండేదో అడగకుండా టార్చి ముట్టించవద్దు. కడిగి, అతుకు చోటు మినహా నీళ్ళతో నింపి, గాలి పోయే రంధ్రం తీసి ఉంచి పని చెయ్యండి. సీఎన్‌జీ ఆటోలు తోలే కుర్రాళ్ళకి ఒకటే మాట. ఆ సిలిండర్‌లో పీడనం 200 బార్లు. మూడేళ్ళకొకసారి దానికి పరీక్ష చేయించాలి. పరీక్ష చేయించకుండా చీటీ మాత్రం కొనుక్కునే పని పెట్టుకోవద్దు.

గోబర్ గ్యాసు తొట్లు ఒకప్పుడు పల్లెల్లో చాలా కట్టారు, ఇప్పుడు తగ్గాయి. ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవలసింది, మొదటిసారి డోములో చేరిన గ్యాసులో గాలి కలిసి ఉంటుంది. దాన్ని వెలిగించక బయటికి వదిలెయ్యాలి. పాడుబడ్డ తొట్టి పైకి ఎండినట్టు కనిపించినా అడుగున పేడమడ్డి ఉన్నంతకాలం అందులో దిగకూడదు. పిల్లల్ని దాని మీద ఆడనివ్వకూడదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించటం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అది మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ, మన వంటి సంఘానికీ వర్తిస్తుంది. అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చట్టం వచ్చి ఎన్నో ఏళ్ళయిన తరువాతే మేము ఆ కుర్రవాణ్ణి దింపాం. తెలియక చేశామనుకుంటే మా మనసుకి బాగుంటుంది. కానీ పెళ్ళి ముందురోజు లారీ కోసం ఆగటం ఇష్టం లేక చేశాం. లారీకి అడిగిన డబ్బు కంటే మనిషికి ఇచ్చింది తక్కువ.

ఆ పెద్దాయన కోసం ఈ మధ్య వాకబు చేశాం. ఆయన పోయారట. కుర్రవాడు రాజమండ్రిలో తాపీపని చేసుకుంటున్నాడు. మేము వెళ్ళి కలిశాం. క్షమించమని అడిగితే ఇబ్బందిపడి, "అయిపోయింది కదండీ, టీ తాగండి" అన్నాడు.

కార్యవర్గం తీర్మానించినవి చెప్పి ముగిస్తాం. షాదీఖానా ట్యాంకుని ఇకమీదట గొట్టం లారీతోనే తోడించాలి. పొంగేదాకా ఆగకుండా మూడేళ్ళకొకసారి తోడించాలి. గాలి గొట్టం విరిగిపోయి ఉంది, దాన్ని కప్పు ఎత్తుకి లేపి పైన దోమతెర కట్టించాలి. వంటపాకని అక్కణ్ణుంచి తూర్పు గోడ వైపుకి మార్చాలి. మూత మీద చెత్త వేసి తగలబెట్టటం నేటితో బంద్. పెళ్ళిబరాతులో టపాసులు కాల్చే కుర్రాళ్ళు ముందు కాలువ పలకల మీద కాల్చరాదు. ఈ షరతు అద్దె రశీదు వెనుక అచ్చు వేయిస్తున్నాం. ఇందుకు అద్దె మీద కొద్దిగా పెంచవలసి వచ్చింది. ఎంత పెంచిందీ కోశాధికారి గారు తరువాత చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు ఆయన్ని కాదు, మమ్మల్ని అడగండి.

లారీ వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. ఆ పూట వెనుక గేటు మూసి ఉంచుతాం. పక్కవీధి వారు పిల్లల్ని అటు పంపకండి. చూడటానికి వచ్చే పెద్దలు బీడీ, సిగరెట్టు ఇంటి దగ్గరే కానిచ్చి రండి.